ఆ నాడు నావలో ఉన్నవాళ్లు

గోదావరి, ప్రాణహిత ఒక్కటై మా ఊరి చావడి అరుగు దాకా వచ్చిన పెద్ద వరద ఉంది కదా, దానికి ముందటి ఏడు జరిగింది ఇది. తాలూకా కచేరీ వాళ్ల లెక్కలో పందొమ్మిది వందల యాభై రెండు. మేము ప్రాణహిత ఒడ్డు బెస్తవాళ్లం. మాకు ఏండ్లు వరదలతోనే గుర్తు. చావడి గోడ కూలిన వరద, బర్లు కొట్టుకుపోయిన వరద, ఎండాకాలంలో వచ్చిన దొంగ వరద. ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎవరు ఎప్పుడు ఊరు చేరారో తగువు వస్తే నావ నడిపేవాణ్ని పిలిచి అడిగేవారు. నా మాటకు అంత విలువ ఉండేది.

ఇవతలి ఒడ్డు నిజాం రాజ్యం, అవతలి ఒడ్డు ఇంగ్లీషువాళ్లది. ఇద్దరూ పోయినా నీళ్ల నడుమ గీత మాత్రం పోలేదు. మా కంటికి ఆ గీత ఎన్నడూ కనబడలేదు. అవతల మాట్లాడేదీ తెలుగే. పిల్లను అక్కణ్నుంచి తెచ్చుకుంటాం, ఇక్కడి పిల్లను అక్కడికి ఇస్తాం. నా భార్య లింగవ్వది సిరోంచ దిక్కు.

నావకు ఒక కట్టుబాటు ఉంది. రేవుకు రెండు దిక్కులా ఉన్న ఊళ్లవాళ్ల దగ్గర పైస తీసుకోను. పంట ఇంటికి వచ్చే రోజు కల్లం దగ్గర నా వంతు గింజలు కొలుస్తారు, అంతే. పరాయివాళ్లయితే దిగిన చోటనే చేతిలో పైస పెట్టాలి. గింజలిచ్చేవాడు మనవాడు, పైస ఇచ్చేవాడు బయటివాడు. మనవాడెవరో తెలుసుకోవడానికి మా తాతలు మాకు ఇచ్చిన కొలత అదొక్కటే. ఇంకో కొలత ఉంటుందని నాకు ఆ ఏడే తెలిసింది.

చలికాలంలో మొదటిసారి ఓట్లు వచ్చాయి. కైలాసం అనే వకీలు నిలబడ్డాడు. తెల్లటోపీ, తెల్లచెప్పులు. ఒడ్డు ఊళ్లన్నీ నా నావ మీదనే తిరిగాడు. మనవాడని నేనూ పైస అడగలేదు. దిగిన ప్రతి ఊళ్లో ఒకటే మాట.

"మన బడికి మనోడే పంతులు గావాలె. మన జంగ్లాతుకు మనోడే జవాను గావాలె. ఎక్కడెక్కడోళ్లో దొంగ ముల్కీ కాయితాలు జేయించుకొని మన పిల్లల నోటికాడి బుక్క గుంజుకుంటుండ్రు. నన్ను గెలిపియ్యిండ్రి, ఒక్కొక్కన్ని ఏరు దాటిస్త."

జంగ్లాతు అంటే అడవి శాఖ. పదిహేనేండ్లుగా ఈ రాజ్యంలోనే ఉన్నాడని కచేరీ రాసిచ్చేదే ముల్కీ కాయితం. అది లేకుంటే సర్కారు నౌకరీ లేదు. నా కొడుకు మొగిలి అప్పటికి ఏడో తరగతి పాసయ్యాడు. మా వాడలో అంత చదివినవాడు మరొకడు లేడు. ఊరికి కొత్తగా బడి మంజూరైంది. వకీలు మా ఇంట్లోనే కూర్చుని ఎండు చేపల పులుసుతో జొన్న గటక తిన్నాడు. చేయి కడుక్కుంటూ మొగిలి దిక్కు చూశాడు.

"ఇగో, గీ పిల్లగాడే మీ పంతులు. చెల్లె, నీ చేతి ఉప్పు తిన్న. మాట దప్ప."

ఆయన పోయాక లింగవ్వ గిన్నెలు బోర్లిస్తూ, "ఏరు దాటేదాక ఓడ మల్లయ్య. దాటినంక సూడాలె, ఏ మల్లయ్యనో" అన్నది.

"నీ నోరు ఊకుండదు" అన్నాను.

"ఊకుంటే నువ్వు మాట్లాడుతవా? ఇంట్ల ఒక్కరన్న మాట్లాడాలె గద."

వకీలు గెలిచాడు. అసెంబ్లీ మెంబరు అయ్యాడు.

మోదుగుపూలు రాలుతున్న రోజుల్లో అవతలి ఒడ్డున ఒక కుర్రవాడు నావ ఎక్కాడు. ఇరవై ఏండ్లుంటాయి. ఒక రేకు పెట్టె, ఒక గొడుగు. నావ అంచును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"ఏవండీ, ఇందులో మొసళ్లుంటాయాండీ?"

"ఉంటయి."

"మరి మీకు భయం లేదాండీ?"

"అవ్వి నన్నెరుగుతయి."

కాసేపు నీళ్ల దిక్కు చూడకుండా నా మొహం దిక్కే చూశాడు. పేరు సాంబమూర్తి. రాజమండ్రి దిక్కువాడు. అవతలి ఒడ్డున టేకు కొట్టించి తెప్పలు కట్టి గోదావరి మీద కిందికి పంపే కంట్రాక్టరు అతనికి మేనమామ. వకీలు ఓట్ల కోసం ఏటికి దూరపు ఊళ్లు తిరిగిన రెండు జీపులూ ఆ కంట్రాక్టరువే. ఆ సంగతి ఒడ్డు ఊళ్లన్నిటికీ ఎరుకే.

"ఇక్కడేదో ఉద్యోగం చూశానన్నాడండీ మామయ్య. వస్తావా అని కూడా అడగలేదు, రమ్మన్నాడంతే."

దిగేటప్పుడు పైస ఇచ్చాడు. తీసుకున్నాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పడం నాకు అలవాటు లేదు.

పది రోజులకు ఊరి లెక్కలు రాసే పట్వారి పిలిపించాడు. అరుగు మీద కాగితాలు పరచుకుని ఉన్నాడు.

"ముత్యం, మెంబరు సాబ్ కబురు పంపిండు. రెండు ముల్కీ కాయితాలున్నయి. ముందుగాల కంట్రాక్టరు మేనల్లునిది. దాని ఎనుక నీ కొడుకుది. నువ్వు సాక్షి సంతకం బెట్టాలె."

"ఆ పిల్లగాడు వచ్చింది మొన్న గద."

"నాకెరుక లేదా? జర వినుకో. గా పిల్లగాడు జంగ్లాతుకు పోతడు. బడి మొగిలిదే. మెంబరు సాబ్ మాట. నువ్వు పెట్టకుంటే రెండు కాయితాలు గీడనే పడుంటయి."

నేను అరుగు మీది కాగితాల దిక్కు చూశాను.

"అబద్ధం ఎక్కువేం లే ముత్యం. చావడి గోడ కూలిన వరద గుర్తున్నదా? పందొమ్మిదేండ్లయితది. గా వరదల నువ్వు నావ దాటిచ్చినవా, లేదా?"

"దాటిచ్చిన."

"అవతలి దరి నుంచి పసిపిల్లగాన్ని దెచ్చినవా, లేదా?"

"దెచ్చిన."

"మరింకేంది. పిల్లగాని పేరే గద మార్చేది."

మాలో మొదటి కాన్పు తల్లిగారింట్లోనే చేస్తారు. లింగవ్వ మొగిలిని అవతలి ఒడ్డునే కన్నది. మూడో నెలలో ఆ వరద వచ్చింది. వాళ్ల గుడిసెలో మోకాళ్ల లోతు నీళ్లు. మా ఊరు గడ్డ మీద ఉంటుంది కాబట్టి నేను నావ తీసుకుని పోయాను. ఆమె పిల్లవాణ్ని రొమ్ముకు కట్టుకుని, కొంగుతో తనను నావ అడ్డకర్రకు కట్టుకుని కూర్చున్నది. నడినీళ్లలో గడ విరిగింది. ఒక్క తెడ్డుతో రెండు కోసులు కిందికి కొట్టుకుపోయి ఒడ్డు పట్టాం. అంత దూరమూ ఆమె నోరు తెరవలేదు. ఆమె ఊరుకున్నది నేను ఎరిగినంతలో ఆ ఒక్కనాడే.

ఆ దినాన్ని తెచ్చి పట్వారి అరుగు మీద పెట్టాను.

కాగితం ఉర్దూలో రాశాడు. నేను చదివింది మూడేండ్లు, అదీ తెలుగు. "రాసిందేందో సదువుండ్రి" అన్నాను. "నువ్వు జెప్పిందే రాసిన" అన్నాడు. మూడేండ్ల బడి నుంచి నాకు మిగిలింది నా సంతకం. దాన్ని పెట్టాను. అందంగానే వచ్చింది.

ఎండాకాలమంతా మొగిలి కాగితం కోసం చూశాం. కొడుకు పంతులైతే కొండగట్టుకు వచ్చి తలనీలాలిస్తానని లింగవ్వ మొక్కుకున్నది. తొలకరి పడ్డాక కచేరీ నుంచి పిలుపు వచ్చింది. మొగిలి ఉతికిన అంగీ వేసుకుని నాతో వచ్చాడు.

గుమాస్తా తమలపాకు నములుతూ కాగితాలు తిప్పాడు.

"వీడు పుట్టింది సిరోంచ తాలూకా. బడి రిజిస్ట్రల ఉన్నది. మరి గీ దరికి ఎన్నడు వచ్చిండు?"

"మూడు నెల్లకే వచ్చిండు. నేనే దెచ్చిన, నా నావల."

"ఎప్పుడు?"

"చావడి గోడ కూలిన వరదల."

గుమాస్తా నవ్వి, వెనుక కట్టలోంచి ఇంకో కాగితం తీశాడు. "గీ సంతకం నీదేనా?"

"నాదే."

తెలుగు చేసి చదివాడు. "చావడి గోడ కూలిన వరద నాడు సాంబమూర్తి అనే పసిపిల్లవాణ్ని, అతని తండ్రిని నా నావలో ఇవతలి ఒడ్డుకు తెచ్చితిని. ఆ దినం వాళ్లిద్దరు, నేను తప్ప నావలో మరొక ప్రాణి లేదు. వరద తగ్గువరకు మళ్లీ నావ వేయలేదు." చదివి పక్కవాళ్ల దిక్కు చూశాడు. "మరి నీ కొడుకు ఈదుకుంట వచ్చిండా?"

కచేరీ అంతా నవ్వింది. తలుపు దగ్గరి జవాను కూడా నవ్వాడు. మొగిలి నవ్వలేదు. నా దిక్కు ఒకసారి చూసి, గోడ మీది గడియారం దిక్కు చూస్తూ నిలబడ్డాడు.

"బడి కథ ఏమైంది?" అన్నాను.

"బడికి పంతులు వచ్చిండు గద. నువ్వు సాక్ష్యం జెప్పినోడే."

అక్కణ్నుంచి వకీలు ఇంటికి పోయాం. ఆయన తెల్లచెప్పులు గడప ముందే ఉన్నాయి. పట్నం పోయాడని నౌకరు చెప్పాడు. మిట్టమధ్యాహ్నం దాకా ఆ చెప్పుల ముందు కూర్చున్నాం. లోపల ఎవరో గట్టిగా తుమ్మారు, ఎవరో "చిరంజీవ" అన్నారు. లేచి వచ్చేశాం.

తొవ్వలో మొగిలి తల్లి గురించి ఒక్క మాట అన్నాడు. "అవ్వకు నేనైతే జెప్ప."

కాగితం రాలేదని మాత్రం ఇంట్లో చెప్పాం. ఎందుకు రాలేదో చెప్పలేదు. నా నోట్లో ఆ కచేరీ వాసన, తమలపాకు, పాత కాగితం, ముతక సిరా వాసన చాలా రోజులు పోలేదు. అన్నం కూడా అట్లే తగిలేది.

వానలు ముదిరేసరికి పట్నాల్లో పిల్లలు బడులు మాని ఊరేగింపులు తీస్తున్నారని, గైర్ ముల్కీలు వెళ్లిపోవాలని అరుస్తున్నారని కబుర్లు వచ్చాయి. గైర్ ముల్కీ అంటే ఈ రాజ్యపువాడు కానివాడు. నావలో కూడా అదే ముచ్చట. గాజుల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగే సత్తమ్మ, సాలెవాడలో మగ్గం నేసే హనుమండ్లు ఒకనాడు నడినీళ్లలో తగువు పడ్డారు.

"వచ్చినోళ్లందర్ని ఎల్లగొట్టాలె. మన పోరలు సదువుకొని మగ్గం కాడ కూసుంటుండ్రు" అన్నాడు హనుమండ్లు.

"నీ కోడలు ఏడికెల్లి వచ్చిందిరా?"

"సిరోంచకెల్లి."

"మరి దాన్ని ఎన్నడు ఎల్లగొడుతవు?"

"అది వేరు ముచ్చట సత్తమ్మా. నౌకరీల ముచ్చట నేను జెప్పేది."

"నౌకరీ ఇచ్చినోన్ని అడుగు మరి. వచ్చినోన్ని అడిగితే ఏమొస్తది? ఎవడు సంతకం బెట్టిండు, ఎవడు మొహరు గొట్టిండు, వాన్ని వట్టుకోవాలె."

"గదీ నిజమే" అన్నాడు హనుమండ్లు. "ఆ సంతకం బెట్టిన లం... వానిది చెయ్యి ఇరిచెయ్యాలె."

నేను తెడ్డు వేస్తూనే ఉన్నాను.

వినాయకచవితి దాటాక అంగడి రోజున వకీలు మా ఊరికి వచ్చాడు. గెలిచినంక రావడం అదే మొదలు. చావడి ముందు బల్లలు వేశారు. ఆయన పక్కన పట్వారి, పట్వారి పక్కన కుర్చీలో సాంబమూర్తి. బడి తెరిచిన రెండు నెలల్లో అతను నేర్పింది తక్కువ, జ్వరంతో పడుకున్నది ఎక్కువ. లింగవ్వ, మొగిలి ముందు వరుసలో ఉన్నారు. నేను వెనుక, పోశం దగ్గర నిలబడ్డాను. పోశం లింగవ్వ తమ్ముడు. అవతలి ఒడ్డు నుంచి ప్రతి అంగడికీ ఎండు చేపల గంప తెస్తాడు.

వకీలు పాత పాటే పాడాడు. మన బుక్క, మన పిల్లలు, ఏరు దాటిస్త. గుంపులోంచి సత్తమ్మ గొంతు లేచింది.

"మెంబరు సాబ్, గా కుర్సీల కూసున్న పంతులు ఏ దరి మనిషి?"

జనం నవ్వారు. వకీలూ నవ్వాడు. సాంబమూర్తి భుజం మీద చేయి వేశాడు.

"మంచి మాట అడిగినవ్ అవ్వా. మాటకు సాక్ష్యం ఉండాలె. గీయన పరాయోడు గాడు. చావడి గోడ కూలిన వరద మీకు యాది ఉన్నదా? అగో గా వరదల, పసిగుడ్డుగ, మన ముత్యం నావల ఈ దరికి వచ్చిండు. నడినీళ్లల గడ ఇరిగిందట. ఒక్క తెడ్డు మీద తెచ్చిండు మన ముత్యం. నేను జెప్తలేను, ముత్యం సంతకం జెప్తున్నది."

గడ విరిగిన సంగతి పట్వారికి నేనే చెప్పి ఉంటాను.

లింగవ్వ వెనక్కి తిరిగి నన్ను చూడలేదు. ఆమె వీపు చూశాను. కొంగు సర్దుకోబోయిన చేయి అట్లే ఆగిపోయింది.

వకీలు ఇంకా చెబుతూనే ఉన్నాడు, అసలు దొంగలు ఏటి అవతల నుంచి వచ్చి మన అంగళ్లలో అమ్ముకుపోయేవాళ్లని. అరుగు పక్కన నిలబడ్డ తాలూకా పోరగాళ్లు నలుగురు అప్పటికే పోశంను చూశారు. ఒకడు గంపను కాలితో తన్నాడు.

"గైర్ ముల్కీ చాపలురా."

"చాపలు ఏ దరి నీళ్లల పుట్టినయో జర అడుగుండ్రి బిడ్డా" అన్నది సత్తమ్మ. ఈసారి ఎవరూ నవ్వలేదు. చేపలు బురదలో పడ్డాయి. పోశం తల మీద ఎవరో కొట్టారు. పోశం చేతులు అడ్డం పెట్టుకున్నాడు. వకీలు అరుగు మీద నుంచి చూస్తూ, చేయి పైకెత్తి, "శాంతి, శాంతి" అన్నాడు. ఆ ఎత్తిన చేతి వేళ్లకు సున్నం అంటి ఉంది.

కుర్చీలోంచి సాంబమూర్తి ఒక్కడే దిగి వచ్చాడు. బురదలో కూర్చుని చేపలు ఏరి గంపలో వేశాడు. "క్షమించండి, నాకేం తెలియదండీ" అని పోశంకు చెబుతూనే ఉన్నాడు. తిట్టుకోవడానికి అతను కూడా మిగలలేదు నాకు.

నేను అరుగు దగ్గరికి పోయాను.

"సాబ్, ఆ వరదల నావల ఉన్నది నా కొడుకు."

వకీలు కిందికి వంగి నా భుజం మీద చేయి వేసి నా చెవి దగ్గరికి నోరు తెచ్చాడు. జర్దా వాసన. "మరి దొంగ సాక్ష్యం ఎవరు జెప్పినట్టు? దానికి జేలున్నది, ఎరికేనా? ఫికర్ జెయ్యకు. వచ్చే యేడు ఇంకో బడి వస్తది." తరువాత నిటారుగా నిలబడి, జనానికి వినబడేటట్టు, "అసలు ముల్కీ అంటే గీ ముత్యం" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నన్ను మెచ్చుకుంటున్నాడని అనుకున్నారు. నేను తల వంచుకుని దిగి వచ్చాను.

పొద్దుగూకే వేళ లింగవ్వ తమ్ముని తలకు పసుపు అద్దుతోంది. మొగిలి గడపలో కూర్చున్నాడు. అద్దుతూనే ఆమె అడిగింది. గొంతు పెంచలేదు.

"ఆ దినం నావల నేను సుత లేనా?"

నేను గోడకు ఆనించిన తెడ్డు దిక్కు చూశాను.

"పిల్లగాన్ని అమ్ముకుంటివి, సరే. వాని కోసమే జేస్తివి అనుకుంట. నన్నెందుకు నీళ్లల దోస్తివి?"

మొగిలి లేచాడు. "రేపు మామతోని పోత. గాడ కలప డిపోల పనున్నదట. ఏ దరి అని అడుగరు" అన్నాడు.

తెల్లవారి నేను నావ విప్పాను. మొగిలి, పోశం గంపతో ఎక్కారు. ఇంతలో జీపు వచ్చి ఆగింది. వకీలు దిగాడు. అవతలి ఒడ్డున కంట్రాక్టరు ఇంట్లో ఆ రోజు దావత్. చెప్పులు చేత్తో పట్టుకుని నావ ఎక్కి, మొగిలిని చూసి, "ఏం పిలగా, మంచిగున్నవా" అన్నాడు. మొగిలి నీళ్ల దిక్కు చూశాడు.

అవతల వకీలు దిగి చెప్పులు తొడుక్కున్నాడు. నేను చేయి చాపాను.

"ఏంది?"

"పైస."

"నాకా, ముత్యం?"

"బయటోళ్లు పైస ఇయ్యాలె సాబ్. మా కట్టుబాటు."

నవ్వబోయాడు. పోశం, మొగిలి, ఒడ్డున నావ కోసం నిలబడ్డ పదిమంది ఆయన దిక్కే చూస్తున్నారు. వాళ్లందరూ గింజలిచ్చేవాళ్లే. ఆయన జేబులోంచి ఒక రూపాయి తీసి నా చేతిలో వేశాడు.

"నా దగ్గర చిల్లర లేదు" అన్నాను.

"ఉంచుకో" అని పోయాడు.

మొగిలి దిగాడు. గంప నెత్తికెత్తుకున్నాడు. వెనక్కి చూడలేదు. నేను ఒడ్డున నిలబడ్డవాళ్లను ఎక్కించుకుని ఇవతలికి వచ్చాను. నావ కట్టేసి, ఇంటికి పోకుండా, నేరుగా తాలూకా తొవ్వ పట్టాను. కచేరీ ముందు వేపచెట్టు కింద అర్జీలు రాసే ముసలాయన ఉంటాడు. ఆ రూపాయి ఆయన పెట్టె మీద పెట్టి, సర్కారు మొహరు కాగితం తెమ్మన్నాను. ఉర్దూలో మొదలుపెట్టబోతే ఆపి, తెలుగులో రాయమన్నాను. ఒక్కొక్క మాట నేను చెప్పాను.

"దీనికి నీకు శిక్ష బడ్తది, ఎరికేనా?" అన్నాడు ఆయన.

"రాయి."

రాశాక కాగితం నా చేతికి తీసుకున్నాను. ఒక్కొక్క అక్షరం కూడుకుని చదివేసరికి చాలాసేపు పట్టింది. చావడి గోడ కూలిన వరద నాడు నావలో ఉన్నది ముగ్గురం. నేను, నా భార్య లింగవ్వ, మూడు నెలల మా మొగిలి. మరొక ప్రాణి లేదు.

కింద సంతకం పెట్టి కచేరీ మెట్లెక్కాను.